జ్వరం, ఫిట్స్, మత్తు: మెదడుకి, నరాలకి పట్టే వైరస్ జబ్బులను విడదీసి చూడడం

మీరడిగినది క్లుప్తంగా ఇదండి. అమలాపురం దగ్గర మీ ఊళ్ళో ఏడేళ్ళ పిల్లాడికి మూడు రోజుల జ్వరం మీద ఫిట్స్ వచ్చి మత్తులోకి జారాడు. ఒక ఆస్పత్రిలో మెదడు వాపు అన్నారు, రెండోచోట వైరల్ మెనింజైటిస్ అన్నారు, మూడోచోట డెంగ్యూ మెదడుకెక్కింది అన్నారు. ఈ మూడూ ఒకటేనా, వేరైతే ఎలా విడదీస్తారు, విడదీస్తే వైద్యంలో ఏమన్నా తేడా వస్తుందా అని అడిగారు.

చాలా తేడా వస్తుంది. మెదడుకి పట్టే వైరస్‌లలో ఎక్కువవాటికి మందు లేదు. ఊపిరి, నీరు, ఉప్పు, ఫిట్స్ చూసుకుంటూ శరీరం తేరుకునేదాకా కాపాడడమే వైద్యం. హెర్పీస్‌కి మాత్రం నికరమైన మందుంది, దాన్ని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మెదడు మిగులుతుంది. రేబిస్‌ని లక్షణాలు మొదలవకముందే ఆపాలి, తర్వాత ఆపలేం. వైరస్‌లా కనపడుతూ వైరస్ కాని జబ్బులు అరడజను ఉన్నాయి, వాటిలో చాలావాటికి మందుంది. అందుకని ఏ వైరస్సో తేలేదాకా వైద్యం ఆపి కూర్చోవడం ప్రమాదం. మందున్నవాటికి ముందు మందు పడాలి, పేరు ఆ తర్వాత తేలుతుంది.

మొదట చూడాల్సింది జబ్బు ఎక్కడ పట్టిందన్నది. మెదడు చుట్టూ ఉన్న పొరలకి పడితే మెనింజైటిస్. తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, గడ్డం ఛాతీకి ఆనించలేనంతగా మెడ బిగియడం ఉంటాయి. కానీ పిల్లాడు తెలివిలోనే ఉంటాడు, పేరడిగితే చెబుతాడు, అమ్మని గుర్తుపడతాడు. వైరస్ వల్ల వచ్చిన మెనింజైటిస్ చాలావరకు వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. మెదడు పదార్థానికే పడితే ఎన్‌సెఫలైటిస్, అంటే అసలైన మెదడు వాపు. ఇక్కడ మత్తు, తికమక మాటలు, ప్రవర్తన మారిపోవడం, ఫిట్స్, ఒక పక్క కాలూచెయ్యీ లాగేయడం కనపడతాయి. వెన్నుపాముకి పడితే కాళ్ళు చచ్చుబడడంతోపాటు మూత్రం బిగబట్టుకుపోతుంది, నడుముకో రొమ్ముకో గీత గీసినట్టు కింద స్పర్శ తెలియదు. విడి నరాలకి పడితే తెలివి నిక్షేపంగా ఉండి కాళ్ళలో పట్టు మాత్రం పోతుంది. ఏడాదిలోపు పసిబిడ్డల్లో మెడ బిగుసుకోకపోవచ్చు. వాళ్ళలో మాడు ఉబ్బడం, పాలు తాగకపోవడం, ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ ఏడవడం చూడాలి.

ఈ లెక్కన మీరు చెప్పిన పిల్లాడికి ఉత్త మెనింజైటిస్ అన్న మాట సరిపడదు, మత్తుంది కాబట్టి. మామూలు జ్వరం ఫిట్స్ అని సరిపెట్టుకోవడానికీ లేదు. అవి ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకి వస్తాయి, ఒళ్ళంతా కొట్టుకుని పదిహేను నిమిషాల్లోపు ఆగుతాయి, రోజులో రెండోసారి రావు, కాసేపు పడుకుని లేస్తే పిల్లాడు ఆటల్లో పడతాడు. ఏడేళ్ళ పిల్లాడు ఫిట్స్ తర్వాత మత్తులోనే ఉండిపోతే అది మెదడు జబ్బని తేల్చుకుని వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాలి.

ఇక హెర్పీస్ సంగతి. దీనికి ఋతువు లేదు, దోమ అక్కర్లేదు, ఊళ్ళో ఇంకెవరికీ ఉండదు. పెదవి మీద జ్వరపు పొక్కు తెచ్చే వైరస్సే ఇది. అయినా పొక్కు ఉండడం, లేకపోవడం ఇక్కడ ఆధారం కాదు. మెదడులో కణతల దగ్గరి భాగాన్ని, ఎక్కువగా ఒక పక్కనే పట్టుకుంటుంది. ఆ భాగం చేసే పనులు చెడతాయి: నిన్నటి విషయం గుర్తుండదు, ‘గ్లాసు’ అనబోయి మాట దొరకదు, లేని వాసన వస్తోందంటారు, నెమ్మదస్తుడు ఉన్నట్టుండి తిడతాడు. పెద్దవాళ్ళలో దీన్ని గాలి సోకిందనో, మతి చలించిందనో అనుకుని రెండు మూడు రోజులు పోగొట్టడం మన పల్లెల్లో జరిగే పెద్ద నష్టం. జ్వరంతో పాటు ప్రవర్తన మారితే మానసిక జబ్బనేముందు హెర్పీస్ కాదని తేల్చుకోవాలి.

మందు ఎసిక్లోవిర్. కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకొకసారి నరంలోకి, 14 నుంచి 21 రోజులు. మూడు నెలలు దాటిన పిల్లలకి కిలోకి 10 నుంచి 15 దాకా ఇస్తారు. నెలలోపు బిడ్డలకి 20, అదీ పూర్తిగా 21 రోజులు. 60 కిలోల మనిషికి పూటకి 600 మిల్లీగ్రాములు. 100 మిల్లీలీటర్ల సెలైన్లో కలిపి గంటసేపు ఎక్కించాలి. గబగబా తోస్తే మందు మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుని, అవి దెబ్బతిన్నాయని చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరుగుతుంది. అందుకే ఒంట్లో నీరు సరిపడా ఉంచి క్రియాటినిన్ చూస్తూ ఉంటారు. సూది నరం తప్పితే కండ కమిలిపోతుంది, కాబట్టి ప్రతి డోసుకీ ముందు క్యాన్యులా చూడాలి. అదే మందు మాత్రల రూపంలో ఇస్తే మెదడుకి చాలినంత చేరదు. ఎన్‌సెఫలైటిస్‌కి మాత్రలతో మొదలుపెట్టడం వైద్యం కాదు. ఈ మందు లేకపోతే హెర్పీస్ పట్టినవాళ్ళలో 70 శాతం దాకా చనిపోతారు. కాబట్టి అనుమానం రాగానే, పరీక్షల ఫలితం రాకముందే మొదలుపెట్టాలన్నది స్థిరపడిన పద్ధతి.

వైరస్ జన్యుపదార్థాన్ని పట్టి చూపే పీసీఆర్ పరీక్షలో కూడా ఒక చిక్కుంది. వెన్నులో నీరు తీసి హెర్పీస్ పీసీఆర్ చేస్తే చాలా నికరంగా తేలుతుంది గానీ, లక్షణాలు మొదలైన మొదటి మూడు రోజుల్లో తీసిన నీటిలో లేదని రావచ్చు. ఎమ్మారైలో కణత భాగం తెల్లగా కనపడుతూ పీసీఆర్ లేదంటే మందు ఆపకూడదు, మూడు నుంచి ఏడు రోజుల్లో మళ్ళీ నీరు తీయించాలి. మొదటిరోజు సీటీ స్కాన్ బాగుందన్న మాట దేనికీ రుజువు కాదు.

మన గోదావరి జిల్లాల్లో వానాకాలంలో అందరి నోటా వచ్చేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్, జేఈ. ఇది చేలల్లో పుట్టే దోమ జబ్బు. ఊడ్పులయ్యాక నిలిచిన నీళ్ళు, బోదెలు, చెరువు గట్ల గుంటలు ఆ క్యూలెక్స్ దోమకి పుట్టిళ్ళు. వైరస్ పెరిగేది పందుల్లోనూ, చేలో తిరిగే కొంగల్లోనూ. మనిషి రక్తంలో వైరస్ దోమకి అంటేంత ఉండదు, కాబట్టి రోగి నుంచి పక్కమంచం మీదున్నవాళ్ళకి రాదు. ఇది ఇంట్లోవాళ్ళకి ధైర్యంగా చెప్పొచ్చు. ఆ దోమ సాయంత్రం చీకటిపడే వేళ నుంచి ఆరుబయట కుడుతుంది. మురుగు కాలవల్లో పుట్టి బోదకాలు తెచ్చే దోమ దీనికి దాయాదే గానీ అది వేరు, డెంగ్యూ తెచ్చే పగటి దోమ మరీ వేరు. మనకి సార్వా, దాళ్వా రెండు పంటలకీ చేలో నీరుంటుంది కాబట్టి, వానలు వెనకపట్టాయి ఇక జేఈ రాదని అనుకోకూడదు. 250 మందికి సోకితే ఒకరిలోనే జబ్బు బయటపడుతుంది. బయటపడిందా, అలాంటివారిలో 20 నుంచి 30 శాతం చనిపోతారు, బతికినవాళ్ళలో మూడో వంతు నుంచి సగం మందికి కదలికలోనో బుద్ధిలోనో లోపం మిగులుతుంది.

రెండు మూడు రోజులు జ్వరం, తలనొప్పి, వాంతులు. తర్వాత ఫిట్స్, మత్తు. ఇంతవరకూ హెర్పీస్‌లాగే ఉంటుంది. తేడా ఆపైన కనపడుతుంది. జేఈ మెదడు లోతుల్లో థాలమస్‌ని రెండు పక్కలా పట్టుకుంటుంది, కదలికలని సవరించే భాగాలనీ పట్టుకుంటుంది. అందుకే ముఖంలో భావం పోయి మొద్దుబారుతుంది, చేతులు వణుకుతాయి, ఒళ్ళు కర్రలా బిగుసుకుంటుంది, మెడో నడుమో మెలిపడుతుంది. ఎమ్మారైలో రెండు థాలమస్‌లూ వెలిగితే జేఈ వైపు, ఒక కణత వెలిగితే హెర్పీస్ వైపు మొగ్గుతాం. మొగ్గడమే సుమండీ, తీర్పు కాదు. డెంగ్యూ కూడా థాలమస్‌లని పట్టగలదు.

జేఈకి నమ్మదగిన పరీక్ష వెన్ను నీటిలో ఐజీఎం ఎలీసా, అంటే సోకిన కొత్తలో శరీరం పుట్టించే ఐజీఎం అనే యాంటీబాడీని వెతకడం. తొలి నాలుగైదు రోజుల్లో ఐజీఎం ఇంకా పుట్టి ఉండకపోవచ్చు, ఏడు నుంచి పది రోజులకి దాదాపు అందరిలోనూ కనపడుతుంది. తొందరపడి తీసిన మొదటి నమూనా లేదంటే పదోరోజుకి రెండోది పంపాలి. నమూనా కాగితం మీద జ్వరం మొదలైన తేదీ రాయకపోతే ల్యాబువాళ్ళకి ఆ ఫలితాన్ని ఎలా చదవాలో తెలియదు. రక్తంలో ఐజీఎం ఉండడం మాత్రం అంత బలమైన సాక్ష్యం కాదు: ఈమధ్య టీకా వేసుంటే ఉంటుంది, లక్షణాల్లేకుండా సోకిపోయినా ఉంటుంది, డెంగ్యూ, వెస్ట్ నైల్ లాంటి అదే కుటుంబపు వైరస్‌లకి పుట్టినది కూడా అడ్డం వస్తుంది. అందుకే జేఈ, డెంగ్యూ రెండు ఎలీసాలూ ఒకేసారి చేయించి, ఏది బలంగా ఉందో పోల్చి చూస్తారు. పిల్లాడి టీకా కార్డు తప్పక తీసుకెళ్ళండి. జేఈ టీకా అన్ని జిల్లాల్లో ఇవ్వరు. ఇచ్చేచోట 9 నుంచి 12 నెలల మధ్య ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి వేస్తారు.

చండీపుర వైరస్‌ని గుర్తుపట్టేది దాని వేగాన్ని బట్టి. ఉదయం జ్వరం, మధ్యాహ్నం వాంతులు, రాత్రికి ఫిట్స్, మర్నాటికి కోమా. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకి సోకి 183 మంది చనిపోయారు. మోసుకొచ్చేది ఇసుక ఈగ, దోమకన్నా చిన్నది, మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాల్లో ఉంటుంది. దాదాపు పదిహేనేళ్ళలోపు పిల్లలకే వస్తుంది. వెన్ను నీరు తీస్తే కణాలు పెరగకుండా మామూలుగా ఉండొచ్చు, అంత తీవ్రమైన పిల్లాడిలో నీరు బాగుండడం చూసి ఇది గుర్తు రావాలి. ఐజీఎం పుట్టేలోపే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి మొదటిరోజు రక్తాన్నే పీసీఆర్‌కి పంపాలి.

డెంగ్యూకి ఆనవాళ్ళు రక్తపరీక్షలో ఉంటాయి: ప్లేట్‌లెట్లు పడిపోవడం, హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం) పెరగడం, తెల్లకణాలు తగ్గడం. కొబ్బరి చిప్పల్లో, తొట్టెల్లో, పాత టైర్లలో నిలిచిన మంచినీటిలో దాని దోమ పుడుతుంది కాబట్టి కోనసీమ పెరళ్ళలో కొదవలేదు. డెంగ్యూ రోగి మత్తులోకి వెళితే వైరస్ మెదడులోకి దిగిందనే అనుకోనక్కర్లేదు. రక్తపోటు పడిపోయిందా, కాలేయం చెడిందా, సోడియం తగ్గిందా, మెదడులో నెత్తురు చిమ్మిందా అన్నవి ముందు చూడాలి, అవే ఎక్కువ. ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తక్కువైతే వెన్నులో సూది మామూలుగా వాయిదా వేస్తారు. ఎసిక్లోవిర్ మాత్రం దానికోసం ఆగనక్కర్లేదు.

మిగతావాటికి ఒంటి మీద ఆధారాలుంటాయి. ఆటలమ్మ తగ్గుతుండగా పిల్లాడు తూలుతూ నడిస్తే చిన్నమెదడు వాపు, చాలావరకు తనే సర్దుకుంటుంది. ఆటలమ్మలో ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు. చెవిలో సర్పి పొక్కులు, అటువైపే మూతి వంకర అయితే అదే వైరస్ మళ్ళీ లేచింది. అరిచేతుల్లో, అరికాళ్ళలో, నోట్లో పొక్కులతో జ్వరమున్న చంటిపిల్ల నిద్రలో ఉలిక్కి ఉలిక్కి పడుతుంటే ఎంటెరోవైరస్ మెదడు కాండానికి తగిలిందేమో చూడాలి. గవదబిళ్ళల తర్వాత తలనొప్పి, వినికిడి తగ్గడం మరొకటి. చిన్నప్పుడు తట్టు వచ్చిన పిల్లవాడు ఏళ్ళ తర్వాత చదువులో జారిపోతూ, ఒళ్ళు ఝళ్ళుమని అదురుతుంటే అది తట్టు వైరస్ తాలూకు ఆలస్యపు జబ్బు. అక్కడ జ్వరం ఉండదు. జ్వరమో టీకానో అయిన ఒకటి నుంచి మూడు వారాలకి వచ్చే మెదడు వాపులో వైరస్ కన్నా శరీరపు ఎదురుదాడిదే పాత్ర. దానికి స్టిరాయిడ్ పనిచేస్తుంది కాబట్టి విడిగా గుర్తించాలి.

రేబిస్ గురించి కాస్త ఆగి చెప్పాలి. నీళ్ళు చూస్తే గొంతు పట్టేయడం, ఫ్యాను గాలికి ఉలిక్కిపడడం, మధ్యమధ్య తెలివిగా మాట్లాడడం, ఇది చాలామందికి తెలిసిన రూపం. తెలియనిది పక్షవాతపు రూపం. కరిచిన కాలో చెయ్యో ముందు చచ్చుబడుతుంది, కరిచినచోట దురద, మంట. అక్కడినుంచి పైకి పాకుతుంది. దీన్ని గిలియన్ బారీ జబ్బుగా, అంటే శరీరపు ఎదురుదాడి తన నరాలకే తగిలి కాళ్ళు చచ్చుబడే జబ్బుగా పొరబడతారు. గిలియన్ బారీలో పక్షవాతం మొదలయ్యేసరికి జ్వరం పోయి ఉంటుంది, మూత్రం మీద అదుపు మామూలుగా చెడదు. జ్వరం ఉండి, మూత్రం అదుపు తప్పి ఉంటే గడిచిన ఏడాదిలో కుక్క, పిల్లి, కోతి గీరిందా అని అడగాలి. ఎక్కువమందిలో కాటుకీ జబ్బుకీ మధ్య ఒకటి నుంచి మూడు నెలలుంటుంది, ఇంట్లోవాళ్ళు మరిచిపోయి ఉంటారు. కాటు పడ్డరోజు చేయాల్సింది: ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం, కారం, పసుపు, సున్నం పెట్టకపోవడం, చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో, నెత్తురు వచ్చిన కాటైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్. ఈ చివరిది చాలాచోట్ల వదిలేస్తున్నారు. టీకాకి శరీరం స్పందించేలోపు కాపాడేది అదొక్కటే. మీరే అడిగి వేయించుకోండి.

పదిహేనేళ్ళలోపు పిల్లల్లో ఉన్నట్టుండి కాలు వాలిపోతే కారణం ఏదనిపించినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు చేయాలి. మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. అయినా నిఘా సాగుతూనే ఉంది, ఉండాలి. పోలియో తరహా వైరస్ అయితే జ్వరంలోనే మొదలై, రెండు మూడు రోజుల్లో ముదిరి, ఒక కాలికి ఎక్కువ ఒక కాలికి తక్కువగా ఉంటుంది, స్పర్శ చెడదు. పిర్రకి ఇంజెక్షన్ చేసిన రోజే ఆ కాలు వాలితే సూది నరానికి తగిలిందనుకోవాలి. మలం నమూనాలు రెండు, 24 గంటల తేడాతో, పక్షవాతం వచ్చిన 14 రోజుల్లోపు, ఒక్కోటి 8 గ్రాములు, ఐసు మీద పంపాలి.

వైరస్ కానివాటిలో మొదటిది రక్తంలో చక్కెర పడిపోవడం. గ్లూకోమీటర్‌తో నిమిషంలో తేలుతుంది, అయినా మరిచిపోతారు. రంపచోడవరం, చింతూరు వైపు వెళ్ళొచ్చినవాళ్ళకి మెదడు మలేరియా చూడాలి. ఐదు రోజులు దాటిన జ్వరంలో చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద నల్లటి పక్కు ఉంటే స్క్రబ్ టైఫస్, డాక్సీసైక్లిన్‌కి లొంగుతుంది. వెతికితేనే కనపడుతుంది, బట్టలు విప్పి చూడాలి. కళ్ళు ఎర్రబడి పిక్కలు నొప్పిపెడుతూ చేలో దిగే మనిషైతే లెప్టోస్పైరా. వారాల తరబడి సన్న జ్వరం, తలనొప్పితో వచ్చినది క్షయ మెనింజైటిస్. పురుగుమందు కొట్టి వచ్చి నోట నురగ, సూదిమొనంత కంటిపాపలతో పడిపోయినవాడికి జ్వరం ఉండదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో కుప్పకూలినప్పుడు మొదట వైరస్సేమో అన్నారు. కానీ జ్వరాలు లేవు, కాసేపటికే తేరుకున్నారు, అన్ని వయసులవాళ్ళూ ఒకేసారి పడిపోయారు. వైరస్ పరీక్షల్లో ఏమీ రాలేదు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి. ఊరంతా ఒకేరోజు పడిపోతే విషాన్ని వెతకడమే ముందు.

వీటిని విడదీసే అసలు పరీక్ష వెన్ను నీరు. వైరస్ అయితే మిల్లీలీటరులో వెయ్యో వంతు నీటికి కణాలు మామూలుగా 5 నుంచి కొన్ని వందలు, ఎక్కువ లింఫోసైట్లే (ఒక రకం తెల్లకణాలు), చక్కెర రక్తంలో ఉన్నదానికి సగానికి పైనే, ప్రోటీన్ కొద్దిగా ఎక్కువ. బాక్టీరియా అయితే నీరు మసకబారి కణాలు వేలల్లో, ఎక్కువగా న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు, చక్కెర 40 కిందికి. క్షయలో లింఫోసైట్లే ఉన్నా చక్కెర తక్కువ, ప్రోటీన్ బాగా ఎక్కువ. రక్తం చక్కెర కూడా అదే పూట తీయకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. వైరస్ జబ్బులో కూడా మొదటిరోజు న్యూట్రోఫిల్స్ ఎక్కువ ఉండొచ్చు, మర్నాటికి మారతాయి. నీటి ట్యూబు బల్ల మీద గంటలతరబడి ఉంటే కణాలు చితికి, చక్కెర తగ్గి, లేని బాక్టీరియా జబ్బు ఉన్నట్టు కనపడుతుంది. పీసీఆర్‌కి, ఎలీసాకి వేరు ట్యూబులు ముందే తీసి ఐసులో పెట్టించండి. అన్నీ ఒకదాంట్లో పోసి తర్వాత పంచుకుందామంటే ఏదో ఒకదానికి చాలదు. ఊళ్ళో రెండు రోజులు యాంటీబయాటిక్ సూదులు పడి ఉంటే కల్చర్‌లో (నీటిలో బాక్టీరియాని పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగదు, కాబట్టి ఏ సూది ఎప్పుడు పడిందో ఆ చీటీ తీసుకెళ్ళాలి. ఫలితం వచ్చేదాకా బాక్టీరియాకి సెఫ్ట్రియాక్సోన్, హెర్పీస్‌కి ఎసిక్లోవిర్ రెండూ నడపడమే మంచి పద్ధతి. వెన్నులో సూది అంటే కాళ్ళు పడిపోతాయని భయపడి సంతకం పెట్టనివాళ్ళున్నారు. సూది వేసేది వెన్నుపాము అయిపోయిన చోటుకి కింద, కాళ్ళు పడిపోవు. ఒకటి రెండు రోజులు తలనొప్పి ఉండొచ్చు.

ఆస్పత్రికి చేరేలోపు పిల్లాణ్ణి ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ వద్దు, నీళ్ళు పోయొద్దు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఊళ్ళో బాటిల్ పెట్టించాలని చూడకండి. ఉప్పులేని ఉత్త గ్లూకోజు నీరు ఎక్కితే సోడియం తగ్గి మెదడు వాపు ఇంకా పెరుగుతుంది. జ్వరం మొదలైన తేదీ, మొదటి ఫిట్ టైము, ఏ పక్క ముందు కొట్టుకుందో, కుక్క కాటు, ఒంటి మీద పొక్కులు, ప్రయాణం, వేసిన మందులు ఒక కాగితం మీద రాసుకోండి. ఫిట్ ఫోన్లో తీయగలిగితే డాక్టరుకి చూపించండి.

ఇంటికొచ్చాక కూడా ఒక విషయం కనిపెట్టి ఉండాలి. హెర్పీస్ తగ్గిన పిల్లాడు నెల రెండు నెలల్లోపు మళ్ళీ చిరాకుపడుతూ, నిద్రపోకుండా, నోరూ చేతులూ మెలికలు తిప్పుతుంటే వైరస్ తిరగబెట్టి ఉండొచ్చు. శరీరం తన మెదడు మీదే యాంటీబాడీలు పుట్టించుకుని ఉండడం మరీ ఎక్కువ. వెన్ను నీటిలో ఎన్‌ఎండీఏ యాంటీబాడీ పరీక్ష, హెర్పీస్ పీసీఆర్ రెండూ చేయిస్తే ఏదో తేలుతుంది. యాంటీబాడీలే అయితే స్టిరాయిడ్, ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో చాలామంది పిల్లలు తేరుకుంటారు.